చూడదగిన కళ్ళద్దాలు

ఏ మహానగరమైనా గొప్పదని తేలేది అందులో బతికేవాళ్ళ వల్ల కాదు, దాన్ని చూసి పోయేవాళ్ళ వల్ల. బతికేవాళ్ళు నీళ్ళు రాలేదంటారు, బస్సు రాలేదంటారు, జీతం రాలేదంటారు. చూసి పోయేవాళ్ళు అలాంటి చిల్లర మాటలు మాట్లాడరు. ఫోటో తీసుకుని, చేతిలో చెత్త అక్కడే పడేసి, ఫోన్లో ఐదు నక్షత్రాలు నొక్కి వెళ్ళిపోతారు. అందుకే మా నగర పాలకులు బతికేవాళ్ళ సంగతి ఎప్పుడో వదిలేసి (వాళ్ళెలాగూ ఎక్కడికీ పోరు) సాంస్కృతిక ఆకర్షణల శాఖ అని ఒకటి పెట్టారు.

మొన్నమొన్నటిదాకా ఈ శాఖ తొంభై తొమ్మిది ఆకర్షణలతో సుఖంగానే కాలం గడిపింది. గడియార స్తంభం అందులో ఒకటి. మరమ్మతు కోసమని దాని చుట్టూ కట్టిన పరంజా నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. స్తంభం ఎవరికీ కనబడటం లేదని ఫిర్యాదులొస్తే పరంజానే ఆకర్షణగా నమోదు చేసి సమస్య పరిష్కరించారు. నగర చరిత్ర మ్యూజియం ఇంకొకటి. సిబ్బంది లేక దాదాపు గదులన్నీ మూసి ఉంటాయి. తెరిచిన ఒక్క గదిలో మూసిన గదుల ఫోటోలు పెట్టారు. టికెట్టు మాత్రం అన్ని గదులకీ కలిపే. ఇక పడవ షికారు. పడవ భేషుగ్గా ఉంది, చెరువులోనే అపార్ట్‌మెంట్లు లేచాయి. మనల్ని పడవలో కూర్చోబెట్టి, నీళ్ళు ఎంతవరకు ఉండేవో గైడు చెయ్యి చాపి చూపిస్తాడు. (లైఫ్ జాకెట్ తప్పనిసరి.)

అంతా సవ్యంగా సాగుతుండగా పొరుగు నగరం తనకు నూరు ఆకర్షణలున్నాయని ప్రకటించింది. మావాళ్ళకి కంటి మీద కునుకు లేదు. నూరోదాన్ని కనిపెట్టి రమ్మని ముగ్గురు సభ్యులతో ఒక సంఘం వేశారు. సంఘం కారేసుకుని ఊరంతా తిరిగింది. ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. డ్రైవరు టీ తాగడానికి కారేసుకుపోయాడు, గొడుగులు కారులో ఉండిపోయాయి. ముగ్గురూ పరిగెత్తి ఒక చిన్న కొట్టు చూరు కింద నిలబడ్డారు. వాన తగ్గేదాకా చూడటానికి వేరే ఏమీ లేక ఆ కొట్టునే చూశారు. అంతసేపు చూశాం కాబట్టి ఇది చూడదగినదే అయి ఉంటుందని వాళ్ళకు తోచింది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళ గురించి విన్నాం. కొండ తవ్వడానికి కూడా బద్ధకించి, చూరు కింద నిలబడి ఎలుకను పట్టిన ఘనత మాత్రం మా సంఘానిదే.

ఆ కొట్టు కళ్ళద్దాల తాతది. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట నిలబడాల్సినంత గది, ఒక పొట్టి బల్ల, అద్దాలు అరగదీసే చక్రం, ఖాళీ మాత్రల డబ్బాల్లో మరలు. అంతే. దాన్ని అప్పటికప్పుడు 'సజీవ వారసత్వ స్థలం, సంఖ్య నూరు' అని ప్రకటించి, గోడకి యథాతథ ఉత్తర్వు అంటించారు. దాని ప్రకారం, ప్రకటించిన క్షణాన ఏ వస్తువు ఎక్కడ ఏ స్థితిలో ఉందో ఇక ఎప్పటికీ అక్కడే అలాగే ఉండాలి. ఆ క్షణాన మా అక్క కళ్ళద్దాలు ఆ బల్ల మీద ఉన్నాయి.

మా అక్కవి సోడాబుడ్డి అద్దాలు. అవి తీసేస్తే ఆవిడకి మనిషికీ బీరువాకీ తేడా తెలీదు. పెట్టుకుంటే మాత్రం డాక్టర్ల రాత చదివేస్తుంది. మందుల షాపులో కౌంటరు పని ఆవిడది. తను రాసింది తనకే అర్థంకాక అక్కకు ఫోన్ చేసిన డాక్టర్లున్నారు. ఇల్లు ఆ జీతం మీదే నడుస్తుంది (బావ జీతం బావకే చాలదు). ఆ రోజు పొద్దున కళ్ళద్దాల కాడ దగ్గర మర ఊడితే, "సాయంత్రం పట్టుకెళ్తా తాతా" అని కొట్లో ఇచ్చి, ఎవరో చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తే ఇంటికొచ్చింది. సాయంత్రం నన్ను తోడు తీసుకుని వెళ్ళేసరికి కొట్టు ముందు ఎర్ర తాడు, తాడు పక్కన కుర్చీ, కుర్చీలో టికెట్ల అమ్మాయి. స్తంభానికి ఒక తరం సరిపోని శాఖకి తాడు కట్టడానికి ఒక పూట చాలింది.

"రెండా అండీ?" అంది ఆ అమ్మాయి.

"మేం చూడటానికి రాలేదమ్మా. కళ్ళద్దాలు తీసుకెళ్ళాలి," అంది అక్క.

"తీసుకెళ్ళే టికెట్టు లేదండీ. చూసే టికెట్టే ఉంది."

"అవిస్తే కదమ్మా నేను చూసేది."

ఆ అమ్మాయి జాలిపడింది. కనబడనివాళ్ళకి ఆడియో గైడు ఉచితమని చెప్పి అక్క చెవులకి తగిలించింది. టికెట్లు కొనుక్కుని లోపలికెళ్ళాం. బల్ల మీద గాజు పెట్టె, పెట్టెలో అక్క కళ్ళద్దాలు, ముందు ఇత్తడి పలక. అక్క చెవుల్లోంచి ఒక గంభీరమైన గొంతు నాకూ వినబడుతోంది. "మీ ఎదుట ఉన్నవి ఒక జత కళ్ళద్దాలు. వీటిని వాడిన వ్యక్తి ఎవరో తెలియదు. అద్దాల మందాన్ని బట్టి, పూర్వం ఎప్పుడో జీవించిన వృద్ధుడై ఉండవచ్చునని పరిశోధకుల అభిప్రాయం."

"నాకింకా నలభై నిండలేదు," అని అక్క ఆ గొంతుకి బదులు చెప్పింది.

తాత ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ముందుకు చాపి, రెండు వేళ్ళ మధ్య ఏదో పట్టుకున్నాడు.

"తాతా, మర బిగించలేదా?" అంది అక్క.

"ఎక్కడమ్మా. మర ఈ చేతిలోనే ఉంది, చూడు."

"నాకేం కనబడుతుంది తాతా."

"నా మతి మండా, మర్చిపోయా. నేను మర తీసుకుని వంగుతున్నా, వాళ్ళు ప్రకటించేశారు. ఇలాగే పట్టుకునుండమన్నారు. ఒక్క తిప్పు తిప్పితే అయిపోతుంది కదయ్యా అన్నా. అయిపోతే ఇక ఇది రిపేరు కొట్టెలా అవుతుందని అడిగారు. అప్పటి నుంచీ ఇలాగే ఉన్నానమ్మా."

"మరి భోజనం?"

"ఎడం చేతికి స్పూనిచ్చారు."

బయటికొచ్చాక అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "భయంగా ఉందిరా," అంది. అక్క భయమన్న మాట అనగా నేనెప్పుడూ వినలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు అక్క అలవాటు కొద్దీ కౌంటరులో నిలబడి, దగ్గు మందు అడిగినాయనకి కాలి పగుళ్ళ మందు ఇవ్వబోయింది. షాపాయన చేతులు జోడించాడు. "అమ్మా, నెలాఖరుదాకా నీ చోటు అలాగే ఉంచుతా. ఆ తర్వాత ఇంకో మనిషిని పెట్టుకోక తప్పదు. నాకూ పిల్లలున్నారు," అన్నాడు. అంతకన్నా మంచిగా ఎవరూ చెప్పలేరు.

కొత్తవి కొనుక్కోవచ్చు కదా అని మీరంటారు. మేమూ అనుకున్నాం. నేల మీద మన మొహం మనకే కనబడేంత పెద్ద షాపుకి వెళ్ళాం. టై కట్టుకున్న కుర్రాడు అక్క చీటీ చూసి, మిషనులో నంబరు కొట్టి, ఇంకోసారి కొట్టి, "సారీ మేడం, మా సిస్టమ్ ఇంత నంబరు తీసుకోవడం లేదు. కొంచెం తగ్గించుకుంటారా?" అన్నాడు. అంత మందం అద్దం అరగదీసే చక్రం ఊళ్ళో తాత దగ్గర ఒక్కటే ఉంది. అదిప్పుడు తిరగకూడదు. తిరిగితే అరిగిపోతుందని శాఖ దానికి తాళం వేసింది.

చేసేది లేక శాఖ ఉపసంచాలకుడి దగ్గరికి తిరగడం మొదలుపెట్టాం. ఆయన గదిలో సోఫాలున్నాయి గానీ వాటి మీద 'కూర్చోరాదు' అని రాసి ఉంటుంది. (అవి డెబ్బై ఏడో ఆకర్షణ.) మా చెప్పులు అరిగాక ఒకనాడు లోపలికి రమ్మన్నాడు. చాలా మర్యాదస్తుడు. నిలబడే అంతా విన్నాడు.

"మేడం, మీరు కళ్ళద్దాలు పోగొట్టుకున్నానని ఎందుకనుకుంటున్నారు? మన నగరం సంపాదించుకుందని అనుకోండి," అన్నాడు.

"నగరానికేం సార్, కళ్ళు బాగానే ఉన్నాయి కదా. అవి లేకపోతే నా ఉద్యోగం పోతుంది."

"అవి మీవేనని ఆధారమేమిటి?"

"పెట్టుకుంటే నాకు అన్నీ కనబడతాయి సార్. మీరు పెట్టుకుంటే కళ్ళు తిరిగి పడతారు."

ఆయన ఆలోచించాడు. "మీ మాట నేను నమ్ముతాను. కానీ వాడిన వ్యక్తి తెలియదని పలక మీద చెక్కేశాం. పలక ఇత్తడిది," అన్నాడు. కాయితమైతే చింపవచ్చునట. ఇత్తడి మీద అబద్ధం చెక్కితే అది చరిత్ర అవుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు. మా ఊళ్ళో అది తిరగబడి చాలా కాలమైంది. మేం ఆ గదిలో చెప్పిందంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నెలాఖరు వచ్చింది, పోయింది. మందుల షాపులో కొత్త మనిషి చేరింది. అక్క ఇంట్లో గోడలు తడుముకుంటూ పనులు చేసుకుంటోంది. ఒకరోజు కూరలో ఉప్పు అనుకుని పంచదార వేసి, అది తిన్న బావ ఏమీ అనకపోయేసరికి కూర్చుని ఏడ్చింది. బావ ఏమీ అనలేదంటే ఇంట్లో పరిస్థితి ఎంత దిగజారిందో మీరే ఊహించుకోండి.

అలాంటి సమయంలో శాఖ నుంచి కబురొచ్చింది. నూరో ఆకర్షణ పేరులో 'సజీవ' అన్న మాట ఉందనీ, తాత ఒక్కడే అయితే ఎప్పుడేమవుతాడో తెలీదనీ, ఇంకొక ప్రాణి ఉంటే మంచిదనీ పైవాళ్ళు అభిప్రాయపడ్డారట. ఉపసంచాలకుడు మాకు స్వయంగా శుభవార్త చెప్పాడు.

"మిమ్మల్ని 'తెలియని వ్యక్తి' పాత్రలో నియమిస్తున్నాం మేడం. రోజూ కొట్లో కూర్చుని ఆ కళ్ళద్దాలు వాడుకోవచ్చు. జీతం కూడా ఇస్తాం. సాయంత్రం మూసేటప్పుడు మళ్ళీ పెట్టెలో పెట్టేసి వెళ్ళాలి."

"మర బిగించుకోవచ్చా సార్?"

"అది యథాతథంగానే ఉండాలి. మీరు చేత్తో పట్టుకుని వాడుకోండి."

నేను నోరు తెరిచేలోపు అక్క నా కాలు తొక్కింది. "అలాగే సార్. ఏ రోజు నుంచి రమ్మంటారు?" అంది. బయటికొచ్చాక నన్నే కేకలేసింది. "నువ్వు నోరెత్తకు. పగలన్నా నాకు లోకం కనబడుతుందిరా. అది చాలు."

మొదటి రోజు సాయంత్రం అక్కను ఇంటికి తీసుకురావడానికి వెళ్ళాను. (టికెట్టు కొనుక్కునే. ప్రదర్శనలో ఉన్నవాళ్ళ బంధువులకు రాయితీ లేదు.) తాత ఒక పక్క మర పట్టుకుని, అక్క ఒక పక్క కళ్ళద్దాలు మొహానికి ఆనించి పట్టుకుని కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడగానే, "జుట్టు దువ్వుకోవడం మానేశావేమిట్రా?" అంది. ఇన్నాళ్ళకి అక్క నన్ను చూసి తిట్టింది.

దారిలో అక్క ఒకటే కబుర్లు. "పొద్దుటి నుంచి జనం విరగబడి వచ్చారురా. కానీ చూసినవాడు ఒక్కడూ లేడు. రావడం, కొట్టుకి వీపు పెట్టి నిలబడటం, ఫోటో తీసుకోవడం, పోవడం. ఆడియో గైడు పెట్టుకుని ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. ఒకావిడ బిడ్డను ఎత్తుకుని వచ్చింది. ఆ బిడ్డ ఒక్కటే తాత చేతిలో మర వంక చూసింది. ఇంతమందిలో చూస్తున్నది నేనూ ఆ పసిదీనే." అలా నవ్వుతూ చెబుతూనే ఉంది. రోడ్డు దాటేటప్పుడు మాత్రం నా చెయ్యి వదల్లేదు.

ఆ వారమంతా అక్క మనుషుల్ని చూసింది. ఎవరి చొక్కాకి గుండీ లేదో, ఎవరు ఏడ్చి మొహం కడుక్కొచ్చారో, ఎవరి చేతికి దద్దుర్లున్నాయో చూసి, ఆ చివరివాళ్ళకి మందు పేరు కూడా చెప్పింది. ఆదివారంనాడు సందర్శకుల అభిప్రాయాలు శాఖకి చేరాయి. ఒకాయన ఇలా రాశాడట. "కొట్టు బావుంది. పెద్దాయన కదలకుండా ఉన్నాడు, అదీ బావుంది. కానీ లోపల కూర్చున్నావిడ అదేపనిగా మనవైపే చూస్తోంది. డబ్బు పెట్టి టికెట్టు కొన్నది మనం. రెండు నక్షత్రాలు."

నగరంలో నీళ్ళు రాకపోతే కదలని శాఖ రెండు నక్షత్రాలకి కదిలింది. అత్యవసర సమావేశం జరిగింది. పొరుగు నగరం ప్రస్తావన వచ్చింది. సోమవారం పొద్దున అక్క వెళ్ళేసరికి కొట్టు గోడ మీద కొత్త పలక ఉంది. దాని మీదేముందో అక్క కళ్ళద్దాలు మొహానికి ఆనించుకుని తనే చదువుకుంది. "ప్రదర్శన వస్తువులు సందర్శకుల వైపు చూడరాదు." అదీ ఇత్తడిదే.

ఇప్పుడు అక్క రోజూ పొద్దున్నే వెళ్ళి, కళ్ళద్దాలు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఏముందో తెలియకుండా సాయంత్రం దాకా కూర్చుంటోంది. చాలా సహజంగా ఉందని అందరూ ఐదు నక్షత్రాలు ఇస్తున్నారు.