నోరు విప్పని చిప్పలు

ఆ ఉదయం కినుయె వసారాలో నల్ల దుస్తులు ఆరవేసి, పక్కనే తన ఒంటిపేట ముత్యాల దండ పెట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో భర్త క్యోటో నుంచి తెచ్చిన దండ అది. పది గంటలకు ఇంట్లో, ముత్యాల కోసం చంపిన చిప్పలకు సంస్మరణ పూజ. ముత్యాల సాగు మూతపడ్డాక బివా సరస్సు ఒడ్డున ఆ పూజ మానేసి చాలా ఏళ్ళయింది. కానీ మామగారు కుమజోకు చిప్పలన్నీ కలలోకొచ్చి నిలదీశాయట. పూజలో పెట్టడానికి బతికున్న చిప్పలు నాలుగు తెస్తానని ఆయన పొద్దున్నే పడవ వేసుకుని పోయాడు.

పక్కింటి హరునో గోడ మీంచి తొంగిచూసింది. నల్ల బట్టలు, ఒంటిపేట దండ. ఆ వీధిలో చావుకు తప్ప అవి రెండూ కలిసి బయటికి రావు. గుమ్మంలో ముసలాయన చెప్పులు లేవు. పరుపు ఎండలో వేలాడుతోంది. అంతలో గుడి గురువుగారి స్కూటర్ వచ్చి ఆగింది. ఇంకేం కావాలి?

"అయ్యో, కుమజో పోయాడర్రా!"

తొమ్మిదిన్నరకల్లా ఇల్లు నల్ల బట్టలతో నిండిపోయింది. చిప్పలంటే ఊరికి ఇంత అభిమానమా అని కినుయె కళ్ళు చెమర్చాయి.

"ఇంతమంది వస్తారనుకోలేదండీ. పాపం, బతికినన్నాళ్ళూ నోరు విప్పి ఎరగని ప్రాణం."

"నోరు విప్పనిదా? కుమజోనా?" హరునో పక్కావిడ చెవిలో గొణిగింది.

"దుఃఖంలో ఏదో అంటుందిలే, ఊరుకో."

అప్పుడొచ్చాడు ఎదురింటి జెన్‌పే, తనూ ఒకప్పుడు ముత్యాలు సాగుచేసినవాడే. ముప్పై ఏళ్ళ కిందటి తుఫానులో కుమజో చిప్పల బుట్ట ఒకటి మాయమైంది. దొంగ జెన్‌పేయేనని కుమజో, కాదని జెన్‌పే. అప్పటి నుంచి ముసలాళ్ళిద్దరికీ మాటల్లేవు. తిట్లు మాత్రం కినుయె చేత మోయించేవారు. అలాంటి మనిషి గడప తొక్కేసరికి ఆవిడ గబగబా ముందు వరసలో చాప పరిచింది.

జెన్‌పే పూజకు పెట్టిన పూల ముందు కూలబడి చిన్న పెట్టె తెరిచాడు. లోపల వంకర టింకర బివా ముత్యాల దండ.

"కుమజో! నువ్వన్నది నిజమేరా. ఆ బుట్ట నా తెప్పకు కొట్టుకొచ్చింది. నీదేనని తెలిసీ దాచుకున్నా. మా ఆవిడ మెళ్ళో వేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. నీతోపాటే పట్టుకుపోరా!"

"పట్టుకుపోక వదులుతానా?"

గుమ్మంలో కుమజో, చేతిలో నీళ్ళ బకెట్టు. హరునో కెవ్వుమంది. గురువుగారి చేతిలో గంట జారిపోయింది.

"నువ్వు పోలేదా?"

"ఎక్కడికి పోతానురా? చిప్పల కోసం వెళ్ళాను."

"అయితే నేనేమీ అనలేదు!" జెన్‌పే పెట్టె మూయబోయాడు. అప్పటికే దండ ఒక కొస కుమజో చేతిలో ఉంది.

"లాగకండి, పాత దారం!" అని కినుయె మొత్తుకుంది.

చివరికి జెన్‌పేయే వదిలేశాడు. ముప్పై ఏళ్ళ బరువు దిగినట్టు అతని ముఖం తేలికపడింది. కుమజో దండను తెచ్చి కోడలి మెళ్ళో ఉన్న పేట మీదే వేశాడు.

"ఇలాంటి పూజకు రెండు పేటలా? ఇంకో చావును పిలిచినట్టే!" అంది హరునో.

"రానీ. ఈసారి వీడిది" అని కుమజో జెన్‌పే పక్కనే చతికిలపడ్డాడు. "చూడండర్రా! నా చిప్పల్లో పుట్టిన ముత్యాలకూ, మావాడు క్యోటో బజార్లో కొన్న ఆ చెత్తకూ పోలికుందా?"

పోలిక లేని మాట నిజమే. కుమజో చిప్పల్లో పుట్టింది ఆ చెత్తే. తుఫానుకు ముందురోజు ఆయన కొడుకే బుట్టను గుట్టుగా లేపి, కొత్త పెళ్ళాం కోసం క్యోటోలో దండ గుచ్చించాడు. జెన్‌పే అన్నేళ్ళూ కుమిలింది తాడు తెగి తన తెప్పకే కొట్టుకొచ్చిన తన సొంత బుట్ట గురించే.

దండ సంగతి భర్త ఏనాడో చెప్పగా తెలిసిన కినుయె, బకెట్టు పక్కన కూర్చుని చూసింది. ముసలాళ్ళిద్దరూ ఒకే పళ్ళెంలోని బియ్యప్పిండి ఉండలు తింటూ, ఆ తుఫాను ఎంత పెద్దదో చెప్పుకుంటున్నారు.

గురువుగారు గంట కొట్టి పూజ మొదలుపెట్టారు. ఆ గదిలో నోరు విప్పని ప్రాణాలు మొత్తం అయిదు: బకెట్లో నాలుగు, బకెట్టు పక్కన ఒకటి.