తేటపడిన కొలను

మంచీ చెడూ ఒకే గదిలో కూర్చోకూడదన్న మహత్తర సత్యాన్ని గుర్తించి, ఒక్కోదానికి ఒక్కో భవనం కట్టించిన ఘనత ఆ పరిశోధన సంస్థది. కొత్తగా తయారైన పదార్థం ఎంత మేలు చేస్తుందో తూర్పు భవనంలో కొలుస్తారు. అదే పదార్థం ఎంత కీడు చేస్తుందో పడమటి భవనంలో కొలుస్తారు. ఆ రెండు ఫలితాలనూ ఒకే సమావేశంలో చదవరాదని సమన్వయాధికారి ఉత్తర్వు. (రెండు భవనాలనూ కలపడం ఆయన ఉద్యోగం. అవి నిజంగా కలిసిపోతే ఆయనకు ఉద్యోగం ఉండదు.)

తూర్పు భవనంలో పనిచేసే పరిశోధకురాలిని అందరూ డోపింగక్క అంటారు. జింక్ ఆక్సైడ్‌ను కంటికి ఆననంత సన్నటి నలుసులుగా చేసి, అందులో చిటికెడు వెండి చొప్పించడం ఆమె వృత్తి. ఇలా చొప్పించడాన్నే డోపింగ్ అంటారు. (ఆటగాళ్లు చేస్తే నిషేధం, శాస్త్రవేత్తలు చేస్తే పదోన్నతి.)

ఏళ్ల తరబడి ఆమె చేసిన పొడులు ఎండలో పెడితే వేడెక్కడం తప్ప ఇంకేమీ చేయలేదు. ఈసారి పొడి మాత్రం అలా కాదు. రంగునీళ్లలో వేసి వెలుగులో పెడితే, పక్కనున్న టీ చల్లారేలోపే నీళ్లు తేటపడ్డాయి. అక్క టీ సంగతి మరిచిపోయి ఆ గ్లాసుకేసి అలాగే చూస్తూ నిలబడిపోయింది. ఇంత చదువు చదివినందుకు, జుట్టు కాకుండా ఇంకొకటి తెల్లబడటం ఆమె చూడటం అదే మొదలు.

పడమటి భవనంలో జీవకణాల మీద పరీక్షలు చేసేది ఆమె వదినే, భర్తకు సొంత అక్క. నమూనా పంపిన కొన్నాళ్లకు డోపింగక్క ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"వదినా, నా పొడి ఎలా ఉంది?"

"నీ పొడి బంగారంలా ఉందమ్మా. కణాలే లేవు."

"లేవంటే?"

"పోయాయి. ఊపిరితిత్తులవి పోయాయి, చర్మానివి పోయాయి. చేప మొప్పలవైతే సాయంత్రం దాకా కూడా ఆగలేదు. మోతాదు తగ్గించి చూశా. తీరిగ్గా పోయాయి."

(పొడిలోని నలుసులనూ కణాలే అంటాం, ప్రాణమున్నవాటినీ కణాలే అంటాం. పరీక్షయ్యాక ఒక రకమే మిగిలింది కాబట్టి ఆ అయోమయం తీరిపోయింది.)

అక్క ధైర్యం కూడగట్టుకుని డైరెక్టరు గదికి వెళ్లింది.

"కణాలు చనిపోతున్నాయండి."

"శుభం. క్యాన్సర్ మందు అని ఇంకో వ్యాసం రాయండి."

"ఆరోగ్యంగా ఉన్నవి కూడా పోతున్నాయండి."

"అవీ ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ కణాలు కావచ్చు కదమ్మా. ముందుజాగ్రత్త అనుకోండి."

ఆ ఊపులోనే ఆయన ఇంకో నిర్ణయం కూడా తీసుకున్నారు. సంస్థ పనితీరు చూడటానికి తనిఖీ బృందం వస్తోంది. రెండు భవనాల మధ్య పాచి పట్టి ఉన్న కొలనులో ఈ పొడి చల్లితే, వాళ్లొచ్చేసరికి నీళ్లు అద్దంలా మెరుస్తాయి.

సంగతి తెలిసి వదిన మెట్ల దగ్గరే పట్టుకుంది. "సమావేశానికి నన్ను పిలవరు, నిన్నే పిలుస్తారు. నోరు తెరిచి చెప్పు."

"చెప్తా వదినా."

"చెప్తావు! మీ ఆయన వంట బాగోలేదని కూడా ఇంతవరకు చెప్పలేకపోయావు."

"బాగోలేదని నీకెవరు చెప్పారు?"

"మా తమ్ముడు కాడూ వాడు!"

అక్క అద్దం ముందు నిలబడి రెండంటే రెండు వాక్యాలు సాధన చేసింది. అద్దం ఒప్పుకుంది కూడా. తీరా సమావేశంలో డైరెక్టరు మొదట ఆమె పదోన్నతి ప్రకటించి, తర్వాత కొలను సంగతి చెప్పి, "మీరేమైనా మాట్లాడతారా?" అని అడిగారు. అక్క లేచింది. నోరు తెరిచింది. అందులోంచి "ధన్యవాదాలండి" బయటికొచ్చింది. తాను చెప్పదలుచుకున్నది అది కాదని గుర్తొచ్చేసరికి అందరూ బిస్కెట్లు తింటున్నారు.

తనిఖీ బృందం వచ్చింది. కొలను అడుగున గులకరాళ్లు కూడా లెక్కపెట్టగలిగేలా ఉన్నాయి. నీటి మీద చేపలు వెల్లకిలా తేలుతున్నాయి.

"చేపలు నిద్రపోతాయా?" అని అడిగాడు బృందంలో ఒకాయన.

"మా దగ్గర ఒత్తిడి లేని వాతావరణమండి," అన్నాడు సమన్వయాధికారి.

వాళ్ల కార్లు వెళ్లిపోయాక తోటమాలి వల తెచ్చాడు. రోజూ వాటికి మేత వేసేది అతనే. "చప్పట్లు కొడితే పైకొచ్చేవమ్మా," అన్నాడు అక్కతో. "ఇవాళ కొట్టకుండానే వచ్చాయి."

అక్క వంగి బకెట్టు పట్టుకుంది. పదోన్నతి వచ్చాక ఆమె చేసిన మొదటి ఉపయోగకరమైన పని అది.

మర్నాడు తెగించి, పొడి వల్లే చేపలు చనిపోయాయని సమన్వయాధికారికి రాసి పంపింది. రెండు రోజుల్లో జవాబు వచ్చింది: చావులు పడమటి భవనం పరిధిలోకి వస్తాయి గనుక జరిగిపోయినవాటి గురించి తూర్పు భవనం వారు వ్యాఖ్యానించరాదు; ప్రస్తుతం కొలనులో ఏదైనా చనిపోతోందా లేదా అన్నంతవరకే తెలపగలరు.

అక్క కొలను దగ్గరికి వెళ్లి, గట్టు మీద చాలాసేపు కూర్చుంది. కప్ప లేదు, దోమ పిల్ల లేదు, పాచి పోగు కూడా లేదు. తిరిగొచ్చి, "ప్రస్తుతం కొలనులో ఏ జీవీ చనిపోవడం లేదు" అని రాసి సంతకం పెట్టింది.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.