ఆదాయం పేజీ

ఆ ఆదివారం పొద్దున కరుణాకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకు నంద్యాలలో కేటరింగ్ వ్యాను ఎక్కాలి. ఆళ్లగడ్డలో ఒక పెళ్లిలో వడ్డించాలి. ఆరు వందలు తీసుకుని సాయంత్రానికి గదికి వచ్చి పడాలి. మర్నాడు కాలేజీలో పరీక్ష ఫీజు కట్టాలి, అదే ఆఖరు రోజు. ఇంత చిన్న పథకం అతని జీవితంలో ఇదే మొదటిది. మామూలుగా అతని పథకాలు ఆకాశంలో మొదలై అక్కడే ముగుస్తాయి.

బీకాం రెండో సంవత్సరం చదివే ఈ కరుణాకర్‌కు పది రోజుల కిందట వాళ్ల నాయన పుల్లయ్య ఫీజుకని పద్నాలుగు వందలు ఇచ్చాడు. అదే రోజు ఫోన్ వీడియోలో కోటు వేసుకున్న ఒకాయన, చదువుకుంటూ సంపాదించడం ఎలాగో చెబుతూ, "డబ్బును కూర్చోబెట్టకండి, పనికి పంపండి" అన్నాడు. కరుణాకర్ మరుక్షణం పద్నాలుగు వందల్నీ పనికి పంపాడు. టోకున నలభై మొబైల్ పౌచ్‌లు కొన్నాడు. ఆ సాయంత్రం శ్రీనివాస సెంటర్‌లో టీ తాగుతుంటే ఎదురుగా తన షాపు కనబడింది. అద్దాల తలుపు, పైన తన పేరు, లోపలి నుంచి ఏసీ గాలి కూడా మెడకు తగిలింది. టీ చల్లారేసరికి షాపు మాయమై సైకిల్ పంక్చర్ల బంకు మిగిలింది. పది రోజుల్లో మూడు పౌచ్‌లు అమ్ముడుపోయాయి. వాటిలో ఒకటి తనే కొన్నాడు. వచ్చిందీ, మెస్సు మానేసి మిగిల్చిందీ కలిపితే చేతిలో ఎనిమిది వందలు ఉన్నాయి. ఆరు వందలు తక్కువ.

పక్క గదిలో ఉండే సాల్మన్ రాజు పీజీ చదువుతూ, సెలవు రోజుల్లో పెళ్లిళ్లకు వడ్డించే పిల్లల్ని తీసుకుపోతుంటాడు. ముందురోజు అతనే వచ్చి పిలిచాడు.

"ఆళ్లగడ్డా? మా పల్లె ఆ పక్కనే కదన్నా. మా నాయన చూస్తే?" అన్నాడు కరుణాకర్.

"మీ నాయనను పెండ్లికి పిల్చినారా?"

"తెలీదు."

"తెలీనిదానికి భయమెందుకు? ఆరు నూర్లు. వస్తావా, రావా?"

"వస్తా."

భయం ఎందుకంటే, పుల్లయ్యకు ఉన్నది నాలుగెకరాలే గానీ పరువు నలభై ఎకరాలకు సరిపడా ఉంది. కొడుకు సాంబారు బకెట్ పట్టుకుని కనిపిస్తే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే ఫీజు సంగతి బయటపడుతుంది. అది బయటపడటం కంటే పరీక్ష తప్పడమే నయమని కరుణాకర్‌కు అనిపించింది.

వ్యాను నంద్యాల దాటింది. మాఘమాసపు మంచు ఇంకా పొలాల మీదే పడుకుని ఉంది. ఎడమవైపు నల్లమల కొండలు నీలంగా, ఉన్నాయో లేదో అన్నట్టు కనబడుతున్నాయి. ఆ కొండల మీదుగా కరుణాకర్ తన రెండో షాపు తెరిచాడు. శిరివెళ్ల దగ్గర మూడోది తెరిచాడు. ఆళ్లగడ్డలో నాలుగోదాని రిబ్బన్ కత్తిరించబోతుండగా సాల్మన్ రాజు భుజం తట్టి దించాడు.

"వడ్డించే డ్రెస్సుల్లో ఒకటి తక్కువొచ్చింది. ఇంకో పెట్టె వస్తాంది. అంతవరకు యాడన్నా కూచో పో, ఈడ కాళ్లకు అడ్డం పడొద్దు."

కల్యాణమండపం గుమ్మం పక్కన ఒక బల్ల ఉంది. తెల్లటి గుడ్డ, పళ్లెంలో కుంకుమ, అక్షింతలు, వెనక ఒక ఖాళీ కుర్చీ, కుర్చీకి పైన తిరుగుతున్న ఫ్యాను. ఆ కుర్చీ ఎవరిదో మనం ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. అది రామయ్య సారుది. రిటైరైన పంతులు, ఆత్మకూరు నివాసి. పెళ్లికూతురి కుటుంబంలో ఏ పెళ్లయినా చదివింపులు రాసేదీ, భోజనాల వేళ వాటిని మైకులో చదివేదీ ఆయనే. నెల కిందట కంటి ఆపరేషన్ అయింది. కూతురు కొనిపెట్టిన కొత్త తోలు చెప్పులు కరుస్తున్నాయి. వాటిని గుమ్మం దగ్గర విడిచి, ఒక ప్లేటు ఉగ్గాని తిని వద్దామని లోపలికి పోయాడు. ఉగ్గానితో పాటు రెండు బజ్జీలు తిన్నాడు. ఆ తర్వాత కళ్లు మూతలు పడటంలో ఆయన తప్పేమీ లేదు.

కరుణాకర్ ఫ్యాను కిందికి చేరాడు. సంచిలోంచి పొడుగాటి లెక్కల పుస్తకం తీశాడు. వీడియోలో కోటు ఆయన రోజూ పొద్దున్నే జమాఖర్చులు రాయమన్నాడు మరి. ఖర్చుల పేజీ ఎప్పుడో నిండింది. రెండో పేజీ తిప్పి, పైన పెద్ద అక్షరాలతో 'ఆదాయం' అని రాశాడు. కింద గీతలు కొట్టాడు. వరుస నంబరు, పేరు, మొత్తం. ఒకటో నంబరు వేసి, ఏం రాయాలో తోచక, దాని వంక చూస్తూ కూర్చున్నాడు. ఫ్యాను గాలికి పేజీ అంచు మెల్లగా లేచి పడుతోంది. మండపంలో ఎవరో సన్నాయి సరిచూసుకుంటున్నారు. ఇప్పుడు జనం వరసగా వచ్చి పౌచ్‌లు కొని డబ్బులిచ్చిపోతే ఎంత బాగుంటుంది అనుకున్నాడు.

"రాసుకో నాయనా," అంది ఒక ముసలమ్మ. "ఆదిలక్ష్మమ్మ. నూట పదార్లు."

నోట్లు బల్ల మీద పడ్డాయి. ఎదురుగా ఆదాయం అనే పేజీ ఉంది, దాని మీద ఒకటో నంబరు ఉంది. కరుణాకర్ రాసేశాడు. కలలో ఎవరైనా డబ్బిస్తే ఎందుకని అడుగుతామా?

మెలకువ వచ్చేసరికి అయిదో నంబరు నడుస్తోంది.

"అయ్యో, నేను కాదండీ! నేను వడ్డించేదానికి వచ్చినా!"

"వడ్డించేటోనికి పుస్తకం ఎందుకప్పా?" అన్నాడు తలపాగా చుట్టుకున్న ఒకాయన. "ఎగతాళి చాలు గాని రాయి. అయిదు నూర్లు. అక్షరాల్లో గూడా రాయి. పోయిన పెండ్లిలో నావి రెండు నూర్లని రాసి పెట్టినారు."

"నా పేరు కింద మా ఊరు గూడా వెయ్యి. ఇదే పేరు మాకు ముగ్గురుండారు."

"ఇదో, ఈ ఇరవై కొంచెం చినిగింది. చినిగిందని రాయొద్దు."

చూస్తుండగానే వరస గేటు దాటింది. పుస్తకం, పెన్ను పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చున్నవాణ్ణి నువ్వెవరని అడిగే అలవాటు ఈ ప్రాంతంలో ఏ పెళ్లిలోనూ లేదు. పెళ్లికూతురి వాళ్లు అతన్ని చూసి, మగపెళ్లివాళ్ల తరఫు కాబోలు అనుకున్నారు. మగపెళ్లివాళ్లు చూసి ఆడపెళ్లివాళ్ల తరఫు అనుకున్నారు. రెండు వైపులవాళ్లూ మర్యాదకు చెరో కాఫీ పంపించారు. లేచి పోదామంటే బల్ల మీద అంత డబ్బు. వదిలిపోతే దొంగ. పట్టుకుపోతే ఇంకా పెద్ద దొంగ.

డ్రెస్సు పట్టుకుని సాల్మన్ రాజు వచ్చాడు. వరసను చూశాడు, రెండు కాఫీ గ్లాసులను చూశాడు.

"పెండ్లోళ్లు నీకు సుట్టాలా? ముందే చెప్పొచ్చు కదరా!"

"కాదన్నా! నాకెవురూ తెలీదు!"

"తెలీకుంటే నీ చేతిలో దుడ్లు ఎందుకు పెడతాండారు?"

ఇంతలో ఇంకో నోటు బల్ల మీద పడింది. సాల్మన్ రాజు డ్రెస్సు తీసుకుపోయి ఇంకొకడికి ఇచ్చాడు. ఆ డ్రెస్సుతో పాటే ఆరు వందలూ, పరీక్షా కూడా నడిచిపోతున్నట్టు కనిపించింది. అప్పటికి అతని ఆదాయం పేజీలో నలభై వేలు దాటింది.

వరసలో డెబ్బై మూడో నంబరు పుల్లయ్య.

గుమ్మం దగ్గర వంగి చెప్పులు విడుస్తున్న మనిషిని చూడగానే కరుణాకర్ పుస్తకం వెనక తల దాచుకున్నాడు. ముఖం చూడకముందే చెప్పులు గుర్తుపట్టాడు. తెగిన వారుకు పిన్నీసు గుచ్చినవి. ఆ పిన్నీసుతో ఆయన ఏడాదిగా నడుస్తున్నాడు.

"ఏమిరా, నువ్వు ఈడ?"

జవాబు చెప్పే అవసరం రాలేదు. వెనకాయన అందుకున్నాడు. "నీ కొడుకా పుల్లయ్యా? ఏం రాత! పొద్దున్నుంచి ఒక కొట్టివేత లేదు!"

పుల్లయ్య రెండంగుళాలు పెరిగాడు. "బీకాం సదువుతాండాడు," అన్నాడు వరసంతా వినేలా. "దుడ్లు వాని చేతిలో పెడితే దేవుని హుండీలో ఏసినట్లే."

కరుణాకర్ తల దించుకుని 'పుల్లయ్య, అయిదు వందల పదహార్లు' అని రాశాడు. ఆ ఒక్క పంక్తిలో మాత్రం అక్షరాలు వంకరగా వచ్చాయి. నాయన తిట్టి ఉంటే బాగుండేదని అతనికి నిజంగా అనిపించింది.

పదకొండు గంటలకు రామయ్య సారు నిద్ర లేచి తన కుర్చీ కోసం వచ్చాడు.

"లెయ్! నలభై ఏండ్ల నుంచి నేను రాస్తాండా. ఎవురు నువ్వు?"

కేకలకు పెళ్లికూతురి నాయన వెంకటసుబ్బయ్య పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనకే వియ్యంకుడు.

"మీవాడు కాదా బావా?"

"మీవాడనే కదా కాఫీ పంపిస్తిమి!"

"నేను వడ్డించేదానికి వచ్చినా," అన్నాడు కరుణాకర్, ఆ రోజుకు అది పదోసారి. ఇప్పుడు మొదటిసారిగా అందరూ నమ్మారు. వెంకటసుబ్బయ్య డబ్బు సంచినీ, కరుణాకర్‌నూ చెరో చేత్తో పట్టుకుని, పుస్తకంలోని మొత్తాన్ని ఒక చీటీ మీద వేయించి, స్టోర్ గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాడు. ఒక్క రూపాయి తగ్గినా ఊరుకునేది లేదన్నాడు. రామయ్య సారు పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాడు. "రాసింది ఎవురైనా సదివేది నేనే!"

గదిలో లెక్క రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ రూపాయి తేడా లేకుండా కుదిరింది, చినిగిన ఇరవైతో సహా. వెంకటసుబ్బయ్య అక్కడున్న బియ్యం మూట మీద అలాగే కూలబడ్డాడు.

"మా ఇంట్లో మూడు పెండ్లిండ్లు చేస్తిమి. ఒక్కదాంట్లో గూడా లెక్క కుదర్లేదప్పా."

అప్పుడే బయట మైకు గరగరమంది. రామయ్య సారు గొంతు సవరించుకుని, పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. అంత దగ్గర పెట్టుకుంటే ఆ కంటికి ఒక్కో పంక్తే ఆనింది, పేజీ పైన ఏం రాసి ఉందో చూడలేదు. అంకెలు ఆనాయి, అది చాలనుకున్నాడు.

"గుడ్డు దోసెలు రెండు, తొంభై రూపాయలు! వధూవరులకు ఆశీర్వాదం!"

గదిలో కరుణాకర్ తలుపు దగ్గరికి ఉరికాడు. అది ఖర్చుల పేజీ.

"కటింగు, నూరు రూపాయలు! వధూవరులకు ఆశీర్వాదం!"

భోజనాల పంక్తిలో ఎవరూ తల ఎత్తలేదు. చదివింపులు వినేవాళ్లు తమ పేరు వచ్చేదాకా దేన్నీ వినరు. తలుపు తీయమని కరుణాకర్ బతిమాలుతుండగా మూడోది వచ్చింది.

"నాయన ఇచ్చిన పరీక్ష ఫీజు, పద్నాలుగు వందలు, పౌచ్‌లలో పెట్టినాను! వధూవరులకు ఆశీర్వాదం! అమ్మినవి మూడు, ఒకటి నేనే కొన్నాను! వధూవరులకు ఆశీర్వాదం!"

ఇప్పుడు పంక్తిలో చేతులు ఆగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు ఆకు నుంచి ఆకుకు పాకింది. పుల్లయ్య మాత్రం పెరుగన్నం కలుపుతూ ఉండిపోయాడు.

"లాభం వస్తే మొట్టమొదట నాయనకు చెప్పులు కొనాలి. పిన్నీసుతో నడుస్తాండాడు," అని చదివి రామయ్య సారు ఆగాడు. ఇందులో అంకె లేదు. అలవాటు చొప్పున మాత్రం ఆశీర్వాదం ఇచ్చాడు. "ఈ సంగతి నాయనకు తెలియకూడదు. వధూవరులకు ఆశీర్వాదం!"

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పుల్లయ్య లేచి చెయ్యి కడుక్కుని స్టోర్ గది వైపు నడిచాడు.

వెంకటసుబ్బయ్య తలుపు తీశాడు. తండ్రీకొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు. కరుణాకర్‌కు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

"ఎంత ఉండాది నీ దగ్గర?" అన్నాడు పుల్లయ్య.

"ఎనిమిది నూర్లు, నాయనా."

మధ్యలో వెంకటసుబ్బయ్య కలగజేసుకున్నాడు. రాసినవాడికి అయిదు వందల పదహార్లూ, ఒక తువ్వాలూ ఇవ్వడం తమ ఇంటి ఆనవాయితీ అని, రాసినవాడు ఎవడైనా ఇవ్వాల్సిందేనని చెప్పి చేతిలో పెట్టాడు. బీకాం విద్యార్థి వేళ్ల మీద లెక్కేశాడు. ఇంకా ఎనభై నాలుగు తక్కువ.

"ఆ పౌచ్ ఎంత?" అన్నాడు పుల్లయ్య.

"ఎనభై."

ఆయన పంచె ముడి విప్పి నూరు కాగితం ఇచ్చాడు. "చిల్లర ఉంచుకో. ఒకటి ఇయ్యి." ఆయనది మీటల ఫోను. కరుణాకర్ సంచిలోంచి తీసిచ్చిన పౌచ్‌లో అది అటూ ఇటూ దొర్లింది. ఆలోచించి దాంట్లో వక్కలు పోసుకున్నాడు. పది రోజుల వ్యాపారంలో కరుణాకర్‌కు దొరికిన మొదటి బేరమాడని గిరాకీ ఆయనే.

మూడు గంటలకు మండపం ఖాళీ అయింది. గుమ్మం దగ్గర పిన్నీసు చెప్పులు లేవు. మెరుస్తున్న తోలు చెప్పులు ఒక జత మిగిలింది.

"ఆత్మకూరు సారు తడిమి తడిమి తొడుక్కొని పాయ," అన్నాడు వాచ్‌మన్. "ఇప్పటికి కాలికి అలవాటైనాయి అని సంతోషపడతా పాయ."

సారు తిరిగొస్తాడేమోనని పుల్లయ్య అరగంట కాచుకున్నాడు. "ఆత్మకూరు పోయి ఇచ్చి రావాల," అన్నాడు. తర్వాత కాలు పెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయాయి. "కోతలు కానీలే, పోతా," అన్నాడు. ఎండ వాలిన దారిలో టకటకమని నడిచిపోతున్న నాయనను, ఆయన మలుపు తిరిగేదాకా కరుణాకర్ చూస్తూ నిలబడ్డాడు. ఈసారి ఎదురుగా ఏ షాపూ కనబడలేదు.

చదివింపుల పేజీలు చింపి ఇచ్చేయగా మిగిలిన పుస్తకాన్ని వ్యానులో తెరిచి, 'నాయనకు చెప్పులు, ఒక జత' అని రాశాడు. దాన్ని ఆదాయం కింద వేయాలో అప్పు కింద వేయాలో బీకాం రెండో సంవత్సరంలో ఇంకా చెప్పలేదు.