క్వేసార్ సంతాపసభ

కువైట్‌లోని తెలుగు ఖగోళ పరిశోధక మండలి ఒక క్వేసార్ అకాల మరణానికి సంతాపసభ జరిపిందని విని కొందరు నవ్వారట. నవ్వేవాళ్లకేం, నవ్వుతారు! హాల్లో కుర్చీలన్నీ నిండాయి, రెండు నిమిషాలు మౌనం పాటించారు, బిర్యానీ కూడా వండించారు. ఇంతకన్నా శాస్త్రీయంగా ఎవరు ఏడవగలరు?

మండలి అధ్యక్షులు వాసుదేవరావుగారు విజయవాడ ఇంజనీరు. కార్యదర్శి కుముదినిగారు డాక్టరు. ఇద్దరికీ ఆకాశమంటే ప్రాణం, దుమ్మంటే మాత్రం పడదు. అందుచేత టెలిస్కోపును అల్ రాయ్‌లో ఒక గోదాము మిద్దె మీద పెట్టించి, చూసే పనిని అక్కడి కాపలాదారు ఎర్రన్నకు అప్పగించారు. జగిత్యాల నుంచి వచ్చిన ఎర్రన్న రోజూ మూత తీసి, అద్దం తుడిచి, ఎక్కడో దూరపు గెలాక్సీ నడిబొడ్డున వెలిగే ఆ క్వేసార్‌ను పక్క చుక్కలతో పోల్చి కాగితం మీద అంకె వేసి మండలికి పంపేవాడు. అది ఒకరోజు వెలిగేది, ఇంకోరోజు మసకబారేది. ఆ కాగితం కింద అధ్యక్షులవారు తమ పేరు రాసుకునేవారు. ఒకసారి పొద్దుగూకగానే పడమట ఎర్రన్న ఒక తోకచుక్కను కూడా పట్టుకున్నాడు. తోక మరీ పొట్టిగా ఉంది, గ్రూపు ఫొటోలో వెనకాల రాదని మండలి దాన్ని ఏకగ్రీవంగా తిరస్కరించింది.

ఆ నెల ఎర్రన్నకు ఆకాశం మీద మనసు లేదు. కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామాకు పదకొండో తారీఖుతో గడువు తీరిపోతుంది. దాన్ని పొడిగించాల్సిన కఫీల్, అంటే అతన్ని పనికి తెచ్చుకున్న యజమాని, రేపు, మాపు అంటున్నాడు. గడువు దాటి చెకింగులో దొరికితే నేరుగా విమానం ఎక్కించడమే. గోదాము ఆ కఫీల్‌దే, అతడు వాసుదేవరావుగారికి మంచి స్నేహితుడు.

"సారూ, జెర మా కఫీల్‌కు ఒక్క ఫోన్ చెయ్యుండ్రి. మీ మాట తీసెయ్యడు."

"చేద్దాంలేవోయ్. నోటిమాట నాకు గుర్తుండదు, కాగితం మీద రాసి పంపు."

ఎర్రన్న రాసి పంపే కాగితం ఒక్కటే. మూడు రోజులుగా దుమ్ము తుఫాను, అంకెల గళ్లన్నీ ఖాళీ. చివరి రిమార్కుల గడిలో బుద్ధిగా రాశాడు: "పదకొండుకు ఖలాస్. ఒక్క ఫోన్ చెయ్యాలె సారు."

అధ్యక్షులవారు మాట తప్పే మనిషి కాదు. వెంటనే ఫోన్ చేశారు, పత్రికకు. మూడు రోజులుగా కనిపించని క్వేసార్ పదకొండున ఖలాస్ కానుందని, దీన్ని లోకంలో మొదట కనిపెట్టింది తెలుగువాళ్లేనని చెప్పారు.

పదకొండు సాయంత్రం సభ. "రెండు వందల నలభై కోట్ల ఏళ్లు ప్రయాణం చేసి మన దాకా వచ్చిన వెలుగు ఇక రాదు," అన్నారు వాసుదేవరావుగారు. "ఎంత దూరాన ఉన్నా మనవాళ్లను మనం మరిచిపోం!" కుముదినిగారు కళ్లు ఒత్తుకున్నారు. ఆఖరిసారి చూసినవాడని ఎర్రన్నకు శాలువా కప్పి, మైకు చేతికిచ్చారు.

"ఖలాస్ అయితున్నది సుక్క గాదు సారూ, నా ఇఖామా. ఇయ్యాల్నే ఆఖరు. మీకు దండం పెడ్త, ఒక్క ఫోన్..." మైకు పట్టుకున్న చేతులే జోడించాడు.

హాలంతా బిత్తరపోయింది. ముందుగా తేరుకున్నది వాసుదేవరావుగారే.

"అమ్మయ్య! అయితే మన క్వేసార్ క్షేమమేనన్న మాట!"

చప్పట్లు మారుమోగాయి. సంతాపసభ అప్పటికప్పుడే అభినందన సభ అయింది. బ్యానరు మార్చే వీల్లేక 'సంతాప' అన్నచోట పూలదండ వేలాడదీశారు. ఫోన్ సంగతి భోజనాలయ్యాక చూద్దామన్నారు. బిర్యానీ బాగా కుదరడంతో ఆ సంగతి ఎవరికీ గుర్తురాలేదు.

వారం తిరక్కుండానే ఎర్రన్న చెకింగులో దొరికిపోయాడు. శాలువాతో సహా ఊరికి పంపేశారు. ఆనాటి నుంచి మండలికి కాగితం రాలేదు. నెల రోజులు ఎదురుచూసి, క్వేసార్ ఈసారి నిజంగానే పోయిందని పెద్దలు తేల్చారు. టెలిస్కోపు మూత తీసే మనిషే లేడన్న మాట ఎవరి నోటా రాలేదు.

రెండో సంతాపసభ మొన్న శుక్రవారం జరిగింది. మీరూ వచ్చారుగా, మూడో వరసలో కూర్చున్నారు. రెండు నిమిషాల మౌనం ఎంత చక్కగా పాటించారండీ! అలవాటైన పని కదా.