సాగరపంక ఫ్రీజర్ ప్రవేశము

వైశాఖము మాడుచుండగా, ప్రచండ మార్తాండుడు నడినెత్తికెక్కి బాన్సువాడ రేకుల కప్పులను పెనములుగాను తారురోడ్డును పాకముగాను మార్చుచుండగా, మంజీర సన్నని వెండిపోగై ఇసుకలో దాగుచుండగా, మద్నూరు దిక్కునుండి వచ్చు లారీల ధూళి దిగంతములను కప్పుచుండగా, బస్టాండున ఒక బస్సు ఆగెను. అందుండి, నీలిరంగు ఐసుపెట్టెను పసిబిడ్డవలె రొమ్మున కద్దుకొని, సాగరగర్భపంకసంగ్రాహిణి, తరంగభంగనిర్భీత, పోచన్న ముద్దుల కూతురు వర్ష దిగెను.

ఆమె పడవెక్కి, తీరమునకు చేరువనే ఉక్కుదవడల యంత్రమును తాడున జారవిడిచి, కడలి అడుగున నిదురించు బురదను కరపించి తెచ్చును. అదియే ఆమె ఉద్యోగము, అదియే వ్రతము. పెట్టెలో రెండు జాడీలుండెను. మొదటిది మహానగరపు మురుగుకాలువలు సముద్రమున కలియు చోటిది. రెండవది ఇల్లుగాని ఫ్యాక్టరీగాని లేని నిర్జన తీరమునది. రెంటిని పక్కపక్కన పెట్టి పరీక్షించిననే నగరము సముద్రమునకు ఏమి చేసినదో తేలును. అంతదాక వాటికి వేడి తగులరాదు. హైదరాబాదు ల్యాబునకా, శని ఆదివారములు సెలవు. ఆ ఆదివారమే అన్న సంపత్ పెండ్లి. కావుననే సముద్రమెరుగని సీమకు సముద్రపు అడుగు విచ్చేసినది.

పెండ్లిపందిరి కిందికి చేరి మూత తీసి చూచెను వర్ష. మంచు ముప్పాతిక నీరైపోయినది! మిగిలినది సాయంత్రము చూడదు. పెండ్లిళ్ల కాలమగుటచే బజారున మంచుగడ్డ దొరకదయ్యెను. ఇరుగుపొరుగు ఫ్రిజ్‌లన్నియు కూల్‌డ్రింకులకును పెరుగు గిన్నెలకును అప్పటికే లొంగిపోయి యుండెను. ఇక మిగిలినది స్వగృహ ఫ్రీజర్. దాని తలుపు తెరువగా, అహో! బటర్‌స్కాచ్ ప్రాకారములతో, పిస్తా బురుజులతో, సూది మొనయైన దూరరాని ఐస్‌క్రీము మహాదుర్గము ఎదుట నిలిచెను.

దుర్గాధిపతి సంపత్, పసుపు పూసిన మొగముతో, పరుగున వచ్చి అడ్డు నిలిచెను.

"చెల్లె, ముట్టకు! రేపు నా దోస్తులొస్తుండ్రు. ఐస్‌క్రీం పెడ్తనని అందరికి చెప్పిన. గిది నా ఇజ్జత్!"

"అన్నా, ఒక్క అర ఇయ్యి. గీ రెండు జాడీలే."

ఇంతలో నానమ్మ లింగవ్వ, ఆ గృహసామ్రాజ్యమునకు ఏకైక న్యాయపీఠము, చీరకొంగు దోపుకొనుచు వచ్చెను. మనుమరాలు సముద్రమునుండి పెట్టె తెచ్చినదని విన్నది మొదలు ఆమె నోరూరుచుండెను.

"చాపలు తెచ్చినవా బిడ్డా?"

వర్ష జాడీ ఎత్తి చూపెను. లింగవ్వ కండ్లు చికిలించి చూచెను.

"బురదనా! కోటగిరి కాల్వల లేని బురదనా ఇది? గింత దూరం మోసుకొచ్చినవా?"

పందిరి పగులునట్లు బంధుసమూహము నవ్వెను. పడవలో వాంతులు చేసికొనుచు, తాడు ఒరసి అరచేతులు బొబ్బలెక్కగా తెచ్చిన పిడికెడు మట్టి అది. వర్ష కన్నులు చెమర్చెను. కాని వీరులకు కన్నీరు తగునా? మోచేత తుడుచుకొని, జాడీని పిడుగువలె పైకెత్తి ఇట్లు గర్జించెను:

"నవ్వుండ్రి! పట్నం మోర్లన్ని సముద్రంలనే కలుస్తయి. అందులున్న విషం అడుగుకు దిగి బురదల కూసుంటది. గా బురదను పురుగు తింటది, పురుగును చాప తింటది, చాపను మనం తింటం. గీ రెండోది చూడుండ్రి. ఎవ్వలు లేని ఒడ్డుది. వచ్చే నెల ఆడ ఓడలకోసం తవ్వుడు మొదలువెడ్తరు. తవ్వకముందు ఆ సముద్రం ఎట్లుండెనో చెప్పెటందుకు గిదొక్కటే సాక్ష్యం!"

నవ్వులు సద్దుమణిగెను. లింగవ్వ రెండవ జాడీని చేతబట్టి, వెలుగునకు తిప్పి చూచెను.

"గిది ఖరాబైతే మళ్ల తేరాదా?"

"తవ్వినంక యాడికెల్లి తెస్తనవ్వా?"

నానమ్మ జాడీని మనుమరాలికిచ్చి, ఫ్రీజర్ తలుపు బార్లా తీసి, రణభేరివలె కేక వేసెను:

"అందరు చెంచలు పట్టుకొని రాండ్రి! ఇప్పుడే తినుండ్రి!"

అంతట చెలరేగినదయ్యా మహాసంగ్రామము! మేనత్తలు బటర్‌స్కాచ్ ప్రాకారమును కూల్చిరి. వంటవారు గరిటెలతో పిస్తా బురుజులపై లంఘించిరి. పందిరి గుంజలు పాతువారు గునపములు వదలి చెంచాలు ధరించిరి. మామిడిపండు రంగు ప్రవాహములు మోచేతులపై పారెను. దంతములు జివ్వుమని కొందరు వీరులు చెంపలు పట్టుకొని ఒరిగిరి. పోచన్న రెండు డబ్బాలను ఒంటిచేత నేలకూల్చెను. సంపత్ నెత్తిన చేతులు పెట్టుకొని కూలబడెను.

"అవ్వా, రేపు నా దోస్తులకు ఏం పెట్టాలె?"

"సల్ల పోస్త. ఎండకు సల్లనే మంచిది," అనెను లింగవ్వ, మూతి తుడుచుకొనుచు.

చివరకు ఒక్క డబ్బా మిగిలెను. అది చాక్లెట్, సంపత్‌కు ప్రాణప్రదమైనది. కడుపులన్నియు నిండి సైన్యము వెనుకంజ వేసెను. అది ఉన్నంతవరకు రెండవ జాడీ పట్టదు. పట్టినను తలుపు మూతపడదు. వర్ష చెంచా తీసెను గాని బొబ్బలు మండి డబ్బాలో దింపలేకపోయెను. అన్న ఆమె చేతులవైపు చూచెను. బొబ్బలు చూచెను.

"ఇగ తే చెల్లె," అని డబ్బా లాగుకొని, పెండ్లికొడుకు ఒంటరిగా, అడుగుదాక తినెను.

అప్పుడు వర్ష జాడీలను ఒకదాని పక్కన ఒకటి నిలిపి, తలుపును తోసెను. టప్పున అది మూతపడెను. లింగవ్వ పీట వేసికొని ఫ్రిజ్ ముందు కూర్చుండెను.

"సోమవారం దాంక ఎవ్వలన్న తెరుస్తే చూడుండ్రి మరి!"

సమస్త జనులారా, తెలిసికొనుడు! అలల చప్పుడు ఎన్నడును వినిపించని బాన్సువాడయందు, పెండ్లింటి ఫ్రీజర్‌లో, కడలి బురద జానెడు చోటు గెలిచినది. ఫ్రిజ్ గుర్రుమని జయభేరి మ్రోగించెను.