ఎండిన యూఫ్రటీస్‌లో భూగోళ పాఠం

నది ఎండిపోవడమంత మేలు పిల్లల చదువుకు మరొకటి లేదు. నవ్వకండి! పద్దెనిమిదేళ్లుగా యూఫ్రటీస్ ఒడ్డున చిబాయిష్ ఊరి బళ్లో రెండో తరగతికి భూగోళం చెబుతున్నవాణ్ణి, నాకు తెలీదా?

నీళ్లున్న రోజుల్లో తల ప్రాణం తోకకొచ్చేదంటే నమ్మండి. పిల్లలు దోనెల్లో వచ్చేవారు, సగంమంది తడిసి, సగంమంది ఆలస్యంగా. రెండు నదుల నడుమ దేశం మనదర్రా అని మొదలుపెట్టేసరికి కిటికీ అవతల ఎవరివో గేదెలు ఈదుకుంటూ పోయేవి. ఇక నా మాట ఎవడికి కావాలి?

ఇప్పుడో? నది అడుగునే క్లాసు! పటం అక్కర్లేదు, బెత్తం అక్కర్లేదు. ఇదిగో, ఇక్కడ నిలబడండి, ఇదే యూఫ్రటీస్ అంటే చాలు. ఎవరైనా మునిగిపోతారేమోనన్న బెంగ లేదు. వేల ఏళ్ల కిందట ఇక్కడ బతికిన సుమేరు వాళ్ల కుండపెంకులు తిన్నగా కాళ్లకే గుచ్చుకుంటాయి. ఇంత ప్రాక్టికల్ చదువు ఏ దేశంలో ఉందో చెప్పండి! దోనెల్ని కూడా వృథా చెయ్యలేదు, బోర్లించి బెంచీలు చేసుకున్నాం.

ఇంత సదుపాయంలోనూ ఒక చిక్కొచ్చిపడింది. పటంలో నదికి నీలం రంగే వెయ్యాలని నియమం. గేదెల కాపరి అబూ ఫాలిహ్ కూతురు సుకైనా పరీక్షలో మట్టిరంగు వేసింది. సరిగ్గా ఆ రోజే తనిఖీ అధికారి దిగాడు. ఏమిటమ్మా ఇది అని అడిగాడు.

"నది సార్. పొద్దున దాంట్లోంచే నడిచొచ్చాను" అంది ఆ పిల్ల, ఏమాత్రం తొణక్కుండా.

అధికారి నా వంక చూశాడు. జవాబుల పుస్తకంలో ఉన్నది నీలం మరి! సున్నా వేశాను.

మర్నాడు అబూ ఫాలిహ్ వచ్చాడు. పదకొండు గేదెల్లో అతనికి మిగిలినవి నాలుగు. ఉన్న ఒక్క గుంటా ఉప్పు తేలిపోయి, అవీ మూతి పెట్టడం లేదు. పోట్లాటకొచ్చాడేమోనని లేచి నిలబడ్డాను. అతను కూతురి కాగితం నా బల్ల మీద పరిచి, నెమ్మదిగా అడిగాడు.

"నీలంగా ఉండే నది ఎక్కడుందో చెప్పండి ఉస్తాద్. గేదెల్ని అక్కడికి తోలుకుపోతాను."

భూగోళం మాష్టారిని. ఆ కాగితం మడిచి అతని చేతికే ఇచ్చాను.

గురువారం ఇంటిల్లిపాదీ, గేదెలతో సహా, లారీ ఎక్కారు. ఉత్తరాన ఎక్కడో నీళ్లున్నాయని ఎవరో అన్నారట. సుకైనా చదువు అంతటితో సరి. అధికారి మాత్రం తెగ సంతోషించాడు. పిల్లలు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల మీద శ్రద్ధ పెరుగుతుందట!

అందుకని, ఎగువన ఆనకట్టల తాళాలు దగ్గర పెట్టుకున్న పెద్దమనుషులకు ఒక చిన్న మనవి. నదినీ గేదెల్నీ మీరు పట్టించుకోనక్కర్లేదు, నా ఉద్యోగ గౌరవం చూడండి. ఏడేళ్ల పిల్లకు సున్నా వేశాను. అది తప్పని ఈ ఊళ్లో ఎవరైనా చెప్పులు తడవకుండా నది దాటి రుజువు చేస్తారు. దయచేసి నీళ్లొదిలి, నా సున్నా నిలబెట్టండి.