వెనక సీటు, కుడి చివర

రాష్ట్ర రాజధానిలో జరిగే రహదారుల సదస్సుకు మా విశ్వవిద్యాలయం ముగ్గురిని పంపింది. ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక పత్రం.

పత్రం డాక్టర్ ఇదారా ఎకానెమ్‌ది. ఆమె లెక్చరర్. రాజధానికి వెళ్లే దారిలో ఏటి మీద ఉన్న వంతెన మూడో స్తంభం కింద మట్టి కొట్టుకుపోయిందని, వానలు ముదిరేలోగా వంతెనను మూసేయకపోతే బళ్లతో సహా కూలుతుందని అందులో రాసింది. బడి బస్సులు రోజూ దాని మీదే వెళ్తాయి. మూడేళ్లుగా ఆమె మాట వినే అధికారి దొరకలేదు. ఈ సదస్సుకు రోడ్ల కమిషనర్ స్వయంగా వస్తున్నారు.

ప్రయాణం ఏర్పాట్లు సక్రమంగానే మొదలయ్యాయి. విశ్వవిద్యాలయం కారు వచ్చింది. నైజీరియాలో కారుకు సీట్లు ఎన్ని ఉన్నా, గౌరవం మాత్రం ఒక్క సీటుకే ఉంటుంది. వెనక, కుడి చివర. దాన్ని యజమాని మూల అంటాం. అక్కడ కూర్చున్నవారు చెప్పినట్టు బండి నడుస్తుంది. మిగతావారు ఆ బండిలో ఉంటారు, అంతే.

ప్రొఫెసర్ ఉదోఫియా అందరికంటే ముందు ప్రొఫెసరయ్యారు. ప్రొఫెసర్ ఎన్దరాకే ప్రస్తుతం డీన్. ఇద్దరూ ఒకేసారి కుడి తలుపు దగ్గరికి వచ్చి, ఒకరి ఆరోగ్యం గురించి ఒకరు అడిగి తెలుసుకున్నారు. తలుపు తెరుచుకోలేదు.

రిజిస్ట్రార్ వెంటనే ఒక సంఘాన్ని నియమించారు. సంఘం చెట్టు కింద సమావేశమై, సీనియారిటీ గొప్పదని, పదవి కూడా గొప్పదని ఏకగ్రీవంగా తీర్మానించి, రెండో కారు తెప్పించింది. ఏ కారు ముందు వెళ్లాలన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. దానికీ పరిష్కారం దొరికింది. రెండు కార్లూ పక్కపక్కన వెళ్లాయి. రోడ్డు రెండు కార్ల వెడల్పే ఉండటం వల్ల ఎదురుగా వచ్చిన లారీలు పొలాల్లోకి దిగి సహకరించాయి.

ఇదారా ఏ కారెక్కినా రెండోవారికి అవమానం కాబట్టి, ఆమెను బస్సులో రమ్మన్నారు.

"నీదే అదృష్టం అక్కా" అన్నాడు డీన్ గారి డ్రైవర్ అసుకో. "బస్సులో అన్నీ వెధవ సీట్లే. తగాదా ఉండదు."

ఆమె కోళ్ల బుట్టకూ బస్సులోనే బైబిలు బోధించే ఒక ప్రసంగీకుడికీ మధ్య ఇరుక్కుని, వేళకు ముందే చేరింది. మొదటి పత్రం ఆమెదే. కమిషనర్ వచ్చి ఉన్నారు. కానీ వేదిక మీద రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వేదిక నిండనిదే సభ మొదలుకాదు. ప్రొఫెసర్లిద్దరూ మధ్యాహ్నానికి వచ్చారు. ఆ తర్వాత వేదిక మీది పెద్దలను ఒక్కొక్కరినే పిలిచి, బిరుదులు చదివి, చప్పట్లు కొట్టి కూర్చోబెట్టారు. అతిథి మర్యాదగా కోలా గింజలు పంచారు. భోజనాలకు టమాటాలతో వండిన జోలోఫ్ అన్నం వాసన వచ్చింది.

అధ్యక్షులు లేచారు. "మేధావులారా, కాలాభావం మనందరి శత్రువు. కావున ఈనాటి పత్రాలన్నిటినీ చదివినట్టుగానే భావించవలసిందిగా ప్రార్థిస్తున్నాను."

సభ భావించింది. చప్పట్లు బాగా మోగాయి. వంతెన పత్రం తనను కదిలించిందని, ఇలాంటి పరిశోధనలే ప్రభుత్వానికి కళ్లని కమిషనర్ చెప్పి భోజనానికి వెళ్లారు. ఇదారా కాగితాలు పట్టుకుని ఆయన వెనకే వెళ్లింది. భోజనాల గది తలుపు దగ్గర ఆమెను ఆపారు. అది వేదిక వారికి.

సాయంత్రం వాన పట్టుకుంది. బస్సులు ఆగిపోయాయి. ఇంటికి వెళ్లేటప్పుడు చూసేవారు ఉండరు కాబట్టి మర్యాదలు కొంత సడలుతాయి. డీన్ గారు ఆమెను డ్రైవర్ పక్క సీటులో ఎక్కించుకున్నారు.

వంతెన దగ్గర నీళ్లు పైదాకా వచ్చాయి.

"సర్, దీని మీద వెళ్లొద్దు. నా పత్రం ఈ వంతెన గురించే."

"మంచి పత్రం తల్లీ. మధ్యాహ్నం విన్నాం కదా" అన్నారు డీన్. కిటికీలోంచి నీళ్లు చూసి, "ఇంతకీ అందులో ఏముంది?"

ఆమె చెప్పింది. డీన్ గొడుగు వేసుకుని దిగి, పక్కనే ఆగిన ప్రొఫెసర్ ఉదోఫియా కారు కిటికీ దగ్గరికి నడిచారు.

"ప్రొఫ్, ఎంతైనా మీరు నాకంటే పెద్దవారు. ముందు మీరే వెళ్లాలి."

"ఎంత మాట. పదవి ముందు వయసెంత? మీరు పదండి డీన్ గారూ, మీ వెనక నేనుంటాను."

సంఘం సాయం లేకుండా వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి. యువతకు అవకాశం ఇవ్వాలని నిర్ణయించారు. డీన్ గారు తన చేత్తో కారు వెనక కుడి తలుపు తెరిచి, ఇదారాను కూర్చోబెట్టారు. "నువ్వు ముందు దాటి, స్తంభం సంగతి ఎలా ఉందో అవతలినుంచి చెప్పమ్మా." అసుకో అభిప్రాయం ఎవరూ అడగలేదు.

అతను అద్దంలో చూసి, "ఎటు పోనిమ్మంటారు మేడమ్?" అన్నాడు. పొద్దున అతనికి ఆమె అక్క.

"వంతెనకు అడ్డంగా తిప్పి ఆపు. తాళం ఇటివ్వు."

అతను అలాగే చేశాడు. డీన్ గారు అరిచారు. ఆయన రోడ్డు మీద ఉన్నారు. రోడ్డు మీద నిలబడ్డవారి మాట వినమని డ్రైవర్లకు ఎవరూ నేర్పలేదు.

వెనక బళ్లు చేరాయి. ఒక లారీ డ్రైవర్ బూతులు తిడుతూ వచ్చి, కిటికీలోకి వంగి, ఆమె ఎక్కడ కూర్చుందో చూసి టోపీ తీశాడు. "ఎవరో పెద్ద మేడమ్‌రా. తిప్పండి, తిప్పండి" అన్నాడు వెనక్కి తిరిగి. బడి బస్సు తిరిగింది. సైరన్ మోగించుకుంటూ వచ్చిన కమిషనర్ గారి బండి నుంచి ఒక సహాయకుడు దిగి, చూసి, వెళ్లి చెవిలో చెప్పాడు. ఆ బండీ తిరిగింది.

వంతెన ఆ రాత్రి నుంచి మూసే ఉంది. దానికి ఏమైందని ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆమె ఎవరి తాలూకు మనిషని మాత్రం అందరూ అడుగుతున్నారు.